తల తిప్పి చూసే పిల్లలు

"తల తిన్నగా పెట్టవే" అని ఆ ఉదయం నాలుగోసారి అన్నాను. సిసిలీ తిన్నగా పెట్టింది. నేను పాపిడి తీసేలోపు మళ్ళీ కుడికి తిప్పేసింది. గోడకున్న టీవీలో బొమ్మలు వస్తున్నాయి. ఏడున్నరకి స్కూలు ఆటో వచ్చి హారన్ కొడుతుంది. ఆలోపు రెండు జడలు వేసి రిబ్బన్లు మడిచి కట్టాలి, మామయ్యగారికి రాగిజావ కలపాలి, మా ఆయనకి కారేజీ సర్దాలి, పప్పు దించి ఎనపాలి. తొమ్మిదింటికల్లా గుణదలలో బస్సెక్కితే తప్ప బీసెంట్ రోడ్డులో నేను పనిచేసే చీరల షాపులో టైముకి వేలిముద్ర పడదు. దువ్వెన తిరగేసి పిల్ల నెత్తిన ఒక్కటి వేశాను. అది ఏడవలేదు. "తిన్నగా పెడితే బొమ్మ పోతందమ్మా" అంది. పప్పు పొంగిన చప్పుడైంది. నేను వంటింట్లోకి పరిగెత్తాను.

ఆ మాట నేను వినలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ విన్నాను. విని, పొయ్యి కట్టేసి, గట్టు తుడిచి, తిరిగొచ్చి రెండో జడ వేశాను.

అప్పటికి దానికి ఆరేళ్ళు, ఒకటో తరగతి. దాని చూపు గురించి ఇంట్లో తలా ఒక మాట ఉండేది. "ఆడపిల్లకి ఆ ఓరచూపేంటి? ఇప్పుడే మాన్పించకపోతే రేపు నలుగురూ నవ్వుతారు" అనేవారు మా మామగారు ఏసుపాదం గారు. ఆయన ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఇప్పటికీ ఆయన లేచినప్పుడే షిఫ్టు మొదలైనట్టు. మా ఆయన అంతోని ఆటోనగర్‌లో లారీలకి రంగులేసే షెడ్డులో మేస్త్రి. "సెల్లు. నీకు వంట తెమలాలని దాని చేతికి సెల్లిచ్చి కూచోబెట్టావు, కళ్ళు అట్టా వంకరపోయినయ్" అనేవాడు. నేను ఎనిమిదో నెల నిండేదాకా షాపులో నిలబడే ఉద్యోగం చేశానని, అందుకే పిల్ల ఇలా పుట్టిందని కూడా ఒక మాట ఉండేది. అది ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. అందరూ అనేవారు. ఒక్కోసారి నేను కూడా అనుకునేదాన్ని. మా అత్తగారు శౌరమ్మ మాత్రం ఆ విషయంలో ఏమీ అనేది కాదు. సిసిలీ తల తిప్పినప్పుడల్లా లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. పిల్లంటే ఇష్టం లేదేమో అనుకున్నాను.

స్కూల్లో టీచరు పిలిపించింది. "మీ పాప పక్కపిల్ల పుస్తకంలోకి చూసి రాస్తోందండీ. ఒకటో క్లాసులోనే కాపీ అలవాటైతే ఎలాగ?" అని నా ముందే దాన్ని నిలదీసింది. సిసిలీ బోర్డుకేసి తిరిగింది, ముఖం కుడివైపు పెట్టి. దాని ఎదురుగా బోర్డు మీద అరచేయంత అక్షరాలున్నాయి. "చదువు" అంది టీచరు. నా బిడ్డ బోర్డు దాకా నడిచి, ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి, ఒక్కొక్క అక్షరం చదివింది. క్లాసంతా నవ్వింది. నేను గుమ్మం దగ్గర బ్యాగు పట్టుకుని నిలబడిపోయాను. నెత్తిన కొట్టిన దువ్వెన అప్పుడు గుర్తొచ్చింది.

కళ్ళజోళ్ళ షాపులో మందపాటి అద్దాలిచ్చారు. పెట్టుకున్నా తల తిరుగుతూనే ఉంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. మా ఫ్లోర్ మేనేజరు సంజీవరావు గారిని పర్మిషన్ అడిగితే, "కళ్ళజోడు కొనడానికి మూడు పూటలు కావాలా అమ్మా? మా ఇళ్ళల్లో లేరా పిల్లలు?" అన్నాడు, పెళ్ళి చీరలకి వచ్చిన వాళ్ళందరూ వింటుండగా. నేను అప్పటికే వాళ్ళ ముందు నలభై చీరలు పరిచి ఉన్నాను. అవన్నీ మడతలు పెట్టి, మంగళవారం నా వీక్లీ ఆఫ్ అని గుర్తుచేసి, ఇంకేమీ అడగలేదు.

డాక్టరు నాకంటే చిన్నదే అయివుంటుంది. పాప కళ్ళల్లో చుక్కలేసి, గంట కూచోబెట్టి, నెత్తికి లైటు కట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మత్తిచ్చి, చేతి నరంలోకి రంగు మందెక్కించి లోపలి ఫోటోలు తీయించింది. ఆ ఫోటో నాకు చూపించింది. నారింజరంగు చందమామ మీద తెల్లటి మడత ఒకటి.

"కంటి వెనక ఒక తెర ఉంటుందండీ, రెటీనా. మీ పాపకి ఆ తెర మీద రక్తనాళాలు చివరిదాకా పెరగలేదు. అది పుట్టుకతోనే. పెరగని చోట పొర కట్టింది. ఆ పొర ముడుచుకుపోతూ తెరని పక్కకి లాగుతోంది. కుడి కన్ను చాలావరకు పోయింది. ఎడమకంట్లో చూపు నిలిచే చోటు జరిగిపోయింది, కానీ ఇంకా ఉంది. తల తిప్పితేనే ఆమెకి ఎదురుగా ఉన్నది కనపడుతుంది."

"అయితే సెల్లు వల్ల కాదా అండీ?"

"కాదు."

"నేను కడుపుతో నిలబడి..."

"కాదమ్మా. ఇది కుటుంబాల్లో వచ్చేది. అమ్మానాన్నల్లో ఒకరికి ఉండి, వాళ్ళకే తెలియకపోవచ్చు. చూపు బాగానే ఉంటుంది, లోపల కొద్దిగా ఉంటుంది. మీ ఇద్దరి కళ్ళూ చూడాలి. మీ అత్తగారు మామగారు వస్తే ఇంకా మంచిది."

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక అందరూ ఉన్నప్పుడు చెప్పాను. అంతోని అప్పుడే తినడానికి కూచున్నాడు. "నా కళ్ళకేం? ఒకే రంగులో నాలుగు ఛాయలు కలుపుతాను. మావైపు ఎవరికీ లేదు. నువ్వు చూపించుకో" అన్నాడు. మామయ్యగారు పేపర్లోంచి తలెత్తకుండా, "మా వంశంలో కంటిజబ్బులు లేవు. డాక్టర్లు నలుగురికి చీటీ రాస్తే నలుగురి ఫీజు" అన్నారు. నేను కూర వడ్డిస్తూనే ఉన్నాను. అప్పుడు శౌరమ్మత్త, చేతిలో మజ్జిగ గిన్నెతో గుమ్మంలో నిలబడి, "తల తిప్పితేనే కనపడుద్దని అన్నదా డాక్టరు?" అని అడిగింది.

"అవునత్తమ్మా."

"ఎటు తిప్పినా కనపడుద్దా, ఒకేపు తిప్పితేనే కనపడుద్దా?"

"ఒకవైపే. మన పాపకి కుడికి తిప్పాలి."

ఆవిడ మజ్జిగ గిన్నె నా చేతికిచ్చి లోపలికెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఒక ఫోటో తెచ్చింది. పెళ్ళయిన పదేళ్ళలో ఆ ఫోటో నేను వాళ్ళ బీరువాలో రెండు మూడుసార్లు చూశాను. మా ఆడపడుచు, అంటే అంతోని అక్క, రీట. తొమ్మిదో ఏట కాలువలో పడి చనిపోయిందని తెలుసు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏటా ఆ తేదీన చర్చిలో పూజ చెప్పిస్తారు. ఆ రోజు మామయ్యగారు అన్నం ముట్టరు. "ఆరోజు నువ్వు పంపకపోతే నా బిడ్డ ఉండేది" అని అత్తమ్మతో అంటారు. ఆవిడ తల వంచుకుని ఆయన గ్లాసులో మంచినీళ్ళు పోస్తుంది. అదొక ఆచారం లాగా జరిగిపోయేది.

ఫోటోలో పిల్ల, చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకున్న రోజున, తెల్లగౌనులో, చేతిలో కొవ్వొత్తితో నిలబడి ఉంది. ముఖం కుడివైపు తిరిగి ఉంది. కళ్ళు మాత్రం కెమెరా వైపే ఉన్నాయి.

"మూడుసార్లు తిన్నగా పెట్టాడు ఫోటో అబ్బాయి" అంది అత్తమ్మ. "నాలుగోసారి విసిగిపోయి తీసేశాడు."

అంతోని ఫోటో వంక చూసి కంచం ముందు నుంచి లేచిపోయాడు. మామయ్యగారు, "చచ్చిన పిల్లని ఎందుకు లేపుతారు?" అని గట్టిగా అరిచారు. అత్తమ్మ ఆ గొంతుకి వణకకపోవడం నేను మొదటిసారి చూశాను.

వంటింట్లో గిన్నెలు తోముతూ ఆవిడ నాకు చెప్పింది. అప్పట్లో వాళ్ళు ఉయ్యూరు పక్కన పల్లెలో ఉండేవాళ్ళు. ఇంటికీ ఫ్యాక్టరీ రోడ్డుకీ మధ్య కాలువ, దాని మీద రెండు తాటిపట్టెలు పరిచిన వంతెన. ఆవిడ నాట్లకి వెళ్ళిన రోజుల్లో మధ్యాహ్నం కారేజీ రీటే పట్టుకెళ్ళేది. "అన్నం ఆలస్యమైతే ఆయన కారేజీ కాలవలోకి ఇసిరేసేవాడు. అందుకని తొందర పెట్టేదాన్ని. గుమ్మాలకి గుద్దుకునేది, బిందె పగలగొట్టేది. పరాగ్గా నడుస్తదని కొట్టేదాన్ని. ఆ రోజు పొద్దున జడేసేటప్పుడు కూడా కొట్టాను, తల తిప్పిందని. దువ్వెనతోనే." నేను కొట్టింది ఆవిడ చూసిందో లేదో నాకు తెలియదు. నేను చెప్పలేదు. "వంతెనకి కుడేపు పడింది. మూడో రోజు లాకుల దగ్గర దొరికింది."

ఆ తర్వాతి రోజుల్లో నేను రీటతోనే తిరిగాను. ఆ పిల్లని బతికుండగా చూడలేదు కాబట్టి ఎక్కడైనా కనిపించేది. షాపు అద్దాల్లో ఏ తెల్లగౌను పిల్ల దాటినా తల ఎటు తిప్పిందో చూసేదాన్ని. బస్సు ఏలూరు కాలువ పక్కన ఆగితే కుడికన్ను మూసుకుని గట్టు వంక చూసేదాన్ని. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కుడి కంటికి రుమాలు కట్టుకుని, ఎడమ కన్ను సగం మూసి, చేతిలో కారేజీ పట్టుకుని హాల్లోంచి వంటింటి దాకా నేల మీద పలకల గీత వెంట నడిచాను. నాలుగో పలకకే నా భుజం తలుపుకి తగిలింది. ఆ పిల్ల రోజూ నడిచింది. పప్పు తొణకకుండా నడిచింది. తనకి కనిపించేదే లోకమంతటికీ కనిపిస్తుందని అనుకుని ఉంటుంది. తాటిపట్టె అంచు అలా మాయమవడం అందరికీ మామూలేననీ, మిగతావాళ్ళు తనకంటే జాగ్రత్తగా ఉంటారనీ, తనే మంచిపిల్ల కాదనీ అనుకుని ఉంటుంది. సిసిలీ కూడా అలాగే అనుకుంటోందని నాకు తెలుసు. "నేను బ్యాడ్ గర్ల్ కదమ్మా, అన్నీ పడేస్తాను" అని అది అంతకుముందే ఒకసారి నాతో అంది.

మంగళవారం నాతోపాటు అత్తమ్మ ఆసుపత్రికి బయల్దేరింది. ఎక్కడికని మామయ్యగారు అడిగితే, "నా కళ్ళు చూపించుకోడానికి" అంది. డాక్టరు ఇద్దరికీ చుక్కలేసి చూసింది. నా రెటీనా శుభ్రంగా ఉంది. ఆవిడకి శుక్లాలు మొదలయ్యాయి, కానీ వెనక తెర మీద ఏమీ లేదు. రీట ఫోటో చూపిస్తే, "ఫోటో చూసి చెప్పలేనమ్మా. ఉండే అవకాశం మాత్రం చాలా ఉంది" అంది డాక్టరు.

వరండాలో బెంచీ మీద కూచున్నాం. చుక్కలకి ఆవిడకి ఏదీ ఆనడం లేదు. ఎదురుగా గోడ ఉన్న చోటికి చూస్తూ ఉంది. ఇన్నేళ్ళ నింద ఒక్క మాటతో పోయింది కదా, ఏడుస్తుందేమో, ఊపిరి పీల్చుకుంటుందేమో అనుకున్నాను.

"అయితే దానికి కాలవ కనపళ్ళేదన్నమాట" అంది. "నేను పరాకనుకున్నా" అంది. నింద పోయిన చోట అంతకంటే పెద్దది వచ్చి కూచుందని నాకు అర్థమైంది. నా తలలో కూడా అదే ఉంది.

సిసిలీ ఎడమకంటికి ఆపరేషన్ చేశారు. సంతకానికి అంతోని రావాల్సొచ్చింది. వచ్చినవాణ్ణి డాక్టరు వదల్లేదు. "మీ పాప కోసమేనండీ, పది నిమిషాలు" అని చుక్కలేసేసింది. ఆయన ఎడమకంట్లో ఒక అంచున రక్తనాళాలు లేని చోటు ఉంది. పుట్టినప్పటి నుంచీ అలాగే ఉండి, ఆయన్ని ఏమీ చేయకుండా ఊరుకుంది. డాక్టరు గోడకున్న బొమ్మ చూపించి ఆయనకి అంతా చెప్పింది. ఆఖర్న, "మీకు తోబుట్టువులున్నారా?" అని అడిగింది.

"చెల్లెలుంది. పామర్రులో."

"పిల్లలు?"

"ఒక పాప. ఎనిమిది నెలలు."

"వెంటనే తీసుకురండి. పసిపిల్లల్లో ఇది తొందరగా ముదురుతుంది. ఇప్పుడు లేజర్ చేస్తే ఆగుతుంది. మీ పాపలాగా ఆరేళ్ళు ఆగితే పోయిన చూపు పూర్తిగా తెప్పించలేను."

పొర తీశారు. కట్టు విప్పాక సిసిలీ చార్టు మీద రెండో వరస చదివింది. అంతకుముందు పై అక్షరం కూడా దానికి రాలేదు. కుడికంట్లో వెలుతురు తెలుస్తుంది, అంతే. ముందు బెంచీలో కూచోవాలి, పెద్దక్షరాల పుస్తకాలు కావాలి, తల తిప్పితే తిప్పనివ్వాలి. "పాప చూపు ఇక్కడ ఆగితే మనం గెలిచినట్టే" అంది డాక్టరు. నేను ఆ మాటనే పట్టుకున్నాను.

పామర్రు విషయం మాత్రం ఎవరూ ఎత్తలేదు. వారం చూసి నేనే అడిగాను. అంతోని నా ముఖంలోకి చూడకుండా, "ఏంజెల్‌కి పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. వాళ్ళత్తగారికి తెలిస్తే జబ్బున్న పిల్లనిచ్చారని రచ్చ చేస్తది. నాన్న వద్దన్నారు" అన్నాడు. మామయ్యగారు స్వయంగా నన్ను పిలిచి నిలబెట్టి చెప్పారు. "నీ కూతురికి అయిపోయింది కదమ్మా. నా కూతురి కాపురంలో నిప్పు పోయకు." ఆయన గొంతులో మొదటిసారి బతిమాలడం వినిపించింది. ఆయన బతిమాలుతున్నది ఎవరికోసమో నాకు అప్పుడు తెలియలేదు.

మంగళవారం పొద్దున సిసిలీని స్కూలుకి పంపి, వంట మూతలు పెట్టి, చీర మార్చుకుని వచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో చెప్పులేసుకుని ఉంది. "పామర్రుకేనా?" అంది. అవునన్నాను. "పద" అంది.

ఏంజెల్ మమ్మల్ని చూసి సంబరపడిపోయింది. అది రీట పోయాక ఏడేళ్ళకి పుట్టిన పిల్ల, నెమ్మదస్తురాలు, ఎవరికీ ఎదురు చెప్పదు. వాళ్ళత్తగారు తెరేసమ్మ గారు మాకు టీ పెట్టి మా ముందే కూచుంది. పక్కకి పిలిచి చెబుదామని దారంతా అనుకున్నాను. ఉయ్యాల్లో పాపని చూశాక పక్కకి పిలవాలనిపించలేదు. అందరి ముందే చెప్పాను. సిసిలీ సంగతి, మా ఆయన కంటి సంగతి, పిల్లని ఈ రోజే తీసుకెళ్ళాలన్న సంగతి.

తెరేసమ్మ గారు టీ గ్లాసు కింద పెట్టింది. "ఎన్నాళ్ళైంది మీకు తెలిసి?" అంది.

"వారం దాటిందండీ."

"వారం ఎందుకాగారమ్మా?" అంది. అంతే అంది. లేచి పాప బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

ఏంజెల్ కదల్లేదు. దాని ముఖం తెల్లబోయింది. "వదినా" అంది నాతో, కానీ చూస్తున్నది వాళ్ళమ్మని. "నాకు ఎడం కన్ను ఎప్పుడూ కనపడదు. చిన్నప్పటి నుంచీ."

అత్తమ్మ, "మరి నాకెందుకు చెప్పలేదే?" అంది.

"నాన్నకి చెప్పానమ్మా. పదేళ్ళప్పుడు. అమ్మకి చెప్పొద్దు, రీటక్క సంగతి అర్థమైపోద్ది అన్నారు. బయట ఎవరికీ చెప్పొద్దు, పెళ్ళవదన్నారు."

ఏంజెల్‌కి ఇప్పుడు ఇరవై ఎనిమిది. పద్దెనిమిదేళ్ళు. పద్దెనిమిది సార్లు ఆ పూజ తర్వాత ఆయన అదే మాట అన్నాడు. ఈవిడ పద్దెనిమిది సార్లు నీళ్ళు పోసింది. అత్తమ్మ ఏంజెల్ దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో దాని ముఖం పట్టుకుంది. తిట్టలేదు. కాసేపలా పట్టుకుని, "పిల్లనెత్తుకో, బస్సొస్తది" అంది.

దారిలో అంతోని ఫోన్ చేశాడు. ఎక్కడున్నారు, నాన్నకి అన్నం వడ్డించేవాళ్ళు లేరు అన్నాడు. "ఆసుపత్రికెళ్తున్నాం, ఏంజెల్‌నీ, పాపనీ తీసుకుని. మామయ్యగారిని కూడా తీసుకురండి. ఆయన కళ్ళు చూడాలి" అన్నాను. నేను పెట్టేశాను.

పాపకి రెండు కళ్ళల్లోనూ ఉంది. ఇంకా పొర కట్టలేదు. ఎల్లుండే లేజర్ చేద్దాం, చూపు నిలుస్తుంది అంది డాక్టరు. తెరేసమ్మ గారు శిలువ గుర్తు వేసుకుంది. ఏంజెల్ కన్ను మాత్రం పోయిన కన్నే. అందులో చేసేదేమీ లేదు.

ఆ తర్వాత డాక్టరు తెల్లకాగితం తీసుకుని మా కుటుంబాన్ని బొమ్మగా వేసింది. మగవాళ్ళకి గడులు, ఆడవాళ్ళకి సున్నాలు. సిసిలీ సున్నాని నల్లగా నింపింది. అంతోని గడిని నింపింది. ఏంజెల్‌ని, పాపని నింపింది. పైన మామయ్యగారి గడిలో ప్రశ్నార్థకం పెట్టింది. పెన్ను మూయబోతుంటే అత్తమ్మ కాగితం మీద వేలు పెట్టింది.

"ఇంకోటి వెయ్యమ్మా. పెద్దది, ఆ ఫోటోలో పిల్ల. రీట దాని పేరు."

డాక్టరు అంతోని పక్కన ఇంకో సున్నా వేసింది. చనిపోయినట్టు దాని మీద ఒక గీత గీసింది. "ఎంత వయసులో అమ్మా?"

"తొమ్మిది."

"ఎలా పోయింది?"

ఇన్నేళ్ళూ ఎవరడిగినా ఆవిడ "నేను కారేజీ ఇచ్చి పంపాను" అనే చెప్పింది. పోలీసులకి అదే చెప్పింది, ఫాదర్ గారికి అదే చెప్పింది, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో అదే చెప్పింది. ఇప్పుడు కాగితం మీద ఆ చిన్న సున్నాని వేలితో తడిమింది.

"కనపడక" అంది.